మణికట్టు నొప్పితో మొదలైన పని: నలభై రోజుల కీబోర్డు డైరీ

1వ రోజు

రెండు నెలలుగా కుడిచేతి మణికట్టు నొప్పి. రోజంతా కంప్యూటర్ మీదే పని. వేరేవాళ్ళు పంపిన ఫైళ్ళలో తప్పులు దిద్దడం, పేర్లు మార్చి వరసలో పెట్టడం, తిరిగి పంపడం. "మౌస్ పట్టుకోవడం కొన్నాళ్ళు తగ్గించి చూడండి" అన్నారు డాక్టరు గారు. తగ్గించాలంటే ముందు ఎంత పట్టుకుంటున్నానో తెలియాలి కదా. అందుకని పొద్దున్నే టేబుల్ మీద ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. చెయ్యి కీబోర్డు వదిలి మౌస్ మీదకి వెళ్ళిన ప్రతిసారీ ఒక గీత. ఏ పని మీద వెళ్ళిందో పక్కన ఒక్క మాట.

మధ్యాహ్నానికే రెండు పేజీలు నిండాయి.

షార్ట్‌కట్లంటే, అంటే మౌస్‌తో మెనూల్లోకి వెళ్ళకుండా కీలతోనే పని చేయించే దారులంటే, నాకు ఎప్పటినుంచో ఇష్టం. నాలుగేళ్ళ క్రితం వంద షార్ట్‌కట్ల పట్టిక ప్రింట్ తీసి గోడకి అంటించాను. ఆరు నెలలు కళ్ళెదురుగానే ఉంది. వాటిలో చేతికి అలవాటైనవి నాలుగు కూడా లేవు. పట్టిక చదివినప్పుడు అన్నీ బాగున్నట్టే ఉంటాయి, పని మధ్యలో ఒక్కటీ గుర్తు రాదు. అందుకే ఈసారి తిరగేసి చేస్తున్నాను. ముందు నా పనిలో ఎక్కడ ఇబ్బంది పడుతున్నానో పట్టుకోవాలి, ఆ ఇబ్బందికి సరిపోయే షార్ట్‌కట్ ఒక్కటే వెతకాలి. వారానికి మూడుకి మించి కొత్తవి నేర్చుకోకూడదు. నలభై రోజులు.

నాది విండోస్ 11. ఇక్కడ రాసేవాటిలో చాలావరకు విండోస్ 10లోనూ పనిచేస్తాయి. మ్యాక్ వాడేవాళ్ళు కంట్రోల్ అన్నచోట ఎక్కువసార్లు కమాండ్ అని చదువుకుంటే సరిపోతుంది.

2వ రోజు

నిన్నటి గీతలు మొత్తం 312. వాటిలో సుమారు మూడోవంతు కాపీ, పేస్ట్‌లవే. ఒక ఫైల్లోంచి కాపీ చేసి ఇంకో ఫైల్లో పెట్టడం, మళ్ళీ వెనక్కి రావడం, మళ్ళీ కాపీ. తర్వాతి స్థానం ఒక విండో నుంచి ఇంకో విండోకి మారడానిది. ఆ తర్వాత ఫైళ్ళ పేర్లు మార్చడం. నాలుగోది నేను ఊహించనిది: తెలుగులో ఒక గుణింతం తప్పు పడితే దాన్ని దిద్దడానికి కర్సర్‌ని మౌస్‌తో అక్కడ పెట్టడం.

రాత్రి ఒక పాత పరిశోధన గురించి చదివాను. 1980లో స్టువర్ట్ కార్డ్, థామస్ మొరాన్, అలెన్ న్యూవెల్ అనే ముగ్గురు కంప్యూటర్ మీద చేసే పనికి ఎంత సమయం పడుతుందో ముక్కలుగా విడదీసి లెక్కకట్టారు. టైపింగ్ బాగా వచ్చినవాళ్ళకి ఒక కీ నొక్కడానికి 0.2 సెకను. చెయ్యి కీబోర్డు నుంచి మౌస్‌కి వెళ్ళడానికి 0.4 సెకను. తెర మీద ఒకచోట గురి పెట్టడానికి సగటున 1.1 సెకను. ఈ అంకెలతో నా కాపీ లెక్క వేశాను. మౌస్‌కి వెళ్ళడం, గురి పెట్టి రైట్ క్లిక్, మెనూలో మళ్ళీ గురి పెట్టి క్లిక్, తిరిగి కీబోర్డుకి రావడం, అన్నీ కలిపి 3.4 సెకన్లు. కంట్రోల్+సికి రెండు కీలు, 0.4 సెకను. ఏం చెయ్యాలా అని ఆలోచించుకునే సమయం రెండింటికీ ఒకటే.

మూడు సెకన్లు మిగిలితే మిగలొచ్చు గానీ, నాకు కావాల్సింది ఆ 0.4 సెకను ప్రయాణం తగ్గడం. మణికట్టు నొప్పి పెడుతున్నది అక్కడే.

4వ రోజు

ఈ వారం మొదటిది: విండోస్ కీ+వి. దీన్ని ఇన్నాళ్ళూ వాడకపోవడం నిజంగా బాధగా ఉంది.

మామూలుగా కాపీ చేస్తే చివరిది ఒక్కటే గుర్తుంటుంది. కొత్తది కాపీ చేస్తే పాతది పోతుంది. అందుకే రెండు ఫైళ్ళ మధ్య అటూ ఇటూ పరుగులు. విండోస్ కీ పట్టుకుని వి నొక్కితే కాపీ చేసినవన్నీ వరసగా ఒక చిన్న పెట్టెలో కనిపిస్తాయి. మొదటిసారి నొక్కినప్పుడు దీన్ని ఆన్ చెయ్యమని అడుగుతుంది, అంతే. 25 దాకా దాచుకుంటుంది. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచీ ఉన్నదే ఇది.

ఇవాళ ఒక ఫైల్లోంచి పదకొండు పేరాలు తీసి ఇంకో ఫైల్లో వేరువేరు చోట్ల పెట్టాలి. నిన్నటిదాకా అయితే పదకొండుసార్లు వెళ్ళి, పదకొండుసార్లు వచ్చేవాణ్ణి. ఇవాళ ఒకే ఊపులో పదకొండూ కాపీ చేసేశాను, తర్వాత రెండో ఫైల్లోకి వెళ్ళి విండోస్+వి నొక్కి, బాణం కీతో దిగి, ఎంటర్. విండో మారింది ఒక్కసారి. పని మధ్యలో ఏ పేరా ఎక్కడిదో మర్చిపోలేదు కూడా. నాకు సమయం కన్నా అదే పెద్ద లాభం అనిపించింది.

పెట్టెలో ఒక్కో ముక్క పక్కన పిన్ గుర్తు ఉంటుంది. పిన్ చేసినవి కంప్యూటర్ రీస్టార్ట్ చేసినా పోవు, మిగతావి పోతాయి. రోజూ పదే పదే రాసే వాక్యాలు మూడు పిన్ చేసి పెట్టుకున్నాను.

ఒక జాగ్రత్త. సాయంత్రం స్క్రీన్ షేర్ చేస్తూ మాట్లాడుతున్నప్పుడు విండోస్+వి నొక్కాను. పొద్దున కాపీ చేసిన పాస్‌వర్డ్ ఆ పెట్టెలో అందరికీ కనిపించేలా ఉంది. వెంటనే మూసేసి, కాల్ అయ్యాక పాస్‌వర్డ్ మార్చాను. పాస్‌వర్డ్ కాపీ చేస్తే పని అయిన వెంటనే విండోస్+వి తెరిచి ఆ ముక్క తీసెయ్యండి. 'క్లియర్ ఆల్' నొక్కితే పిన్ చేసినవి తప్ప అన్నీ పోతాయి.

అసలు ఈ కట్, కాపీ, పేస్ట్ అనే పద్ధతి 1970ల్లో జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో (దాని పేరు పార్క్) లారీ టెస్లర్, టిమ్ మాట్ కలిసి తయారుచేశారు. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో, 74 ఏళ్ళ వయసులో పోయారు. రోజుకి వందసార్లు ఆయన చేసిన పని వాడుకుంటున్నాం, ఆ పేరు ఇక్కడ ఒక్కసారైనా రాసుకోవాలనిపించింది.

6వ రోజు

నెట్ నుంచి కాపీ చేసింది పేస్ట్ చేస్తే రంగులు, పెద్ద అక్షరాలు, లింకులు అన్నీ వెంట వచ్చేస్తాయి. కంట్రోల్+షిఫ్ట్+వి నొక్కితే వట్టి అక్షరాలే వస్తాయి. బ్రౌజర్లో, గూగుల్ డాక్స్‌లో, కొత్త వర్డ్‌లో పనిచేస్తుంది. పాత వర్డ్ అయితే మామూలుగా కంట్రోల్+వి కొట్టి, చెయ్యి తీసి, కంట్రోల్ ఒక్కటే ఒకసారి నొక్కి వదిలి, టి నొక్కాలి. ఈ రెండో దారి చాలామందికి తెలియదు.

9వ రోజు

ఫైళ్ళ పేర్ల వారం. ఎఫ్2 నొక్కితే ఫైలు పేరు మార్చొచ్చని తెలుసు. నాకు తెలియనిది ఆ తర్వాతి అడుగు: ఎఫ్2 నొక్కి పేరు మార్చి, ఎంటర్ బదులు ట్యాబ్ నొక్కితే కింది ఫైలు పేరు మార్చడానికి తనే తెరుచుకుంటుంది. మళ్ళీ పేరు, మళ్ళీ ట్యాబ్. ఇరవై ఫైళ్ళకి మౌస్ ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. షిఫ్ట్+ట్యాబ్ కొడితే పైదానికి వెళ్తుంది.

అన్నిటికీ ఒకే పేరు, పక్కన అంకెలు చాలనుకుంటే ఇంకా తేలిక. అన్నీ సెలెక్ట్ చేసి ఎఫ్2, ఒక పేరు, ఎంటర్. బ్రాకెట్లో 1, 2, 3 అని తనే వేసుకుంటుంది. నేను పొరపాటున పక్క ఫోల్డర్లో 46 ఫైళ్ళ మీద ఇది చేసేశాను. ప్రతిదానికీ విడిగా పేరు పెట్టిన ఫైళ్ళవి. ఒక్క క్షణం గుండె ఆగినంత పనయింది. కంట్రోల్+జెడ్ నొక్కితే పాత పేర్లు తిరిగొచ్చాయి. రాసిన అక్షరాలకే కాదు, ఫోల్డర్లో మార్చిన పేర్లకి, జరిపిన ఫైళ్ళకి, రీసైకిల్ బిన్‌లోకి పంపినవాటికి కూడా కంట్రోల్+జెడ్ పనిచేస్తుంది. వేరే పని మొదలుపెట్టకముందే నొక్కాలి.

తారీఖు పేరు ముందు పెడితే, అదీ ఏడాది, నెల, రోజు వరసలో పెడితే, ఫైళ్ళు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. 2024-03-05 అన్నట్టు. దీనికి షార్ట్‌కట్ ఏమీ అక్కర్లేదు, అలవాటు చాలు.

12వ రోజు

ఇవాళంతా తెలుగు దిద్దడం మీదే కూర్చున్నాను. ఎక్కువ కుతూహలం ఉన్నది దీని మీదే, కొంచెం వివరంగా రాస్తాను.

'క్షేత్రం' అని రాయబోయి 'క్షోత్రం' అని కొట్టాననుకోండి. నేను ఇన్నాళ్ళూ ఏం చేసేవాణ్ణంటే మాట మొత్తం చెరిపేసి మళ్ళీ రాసేవాణ్ణి. అవసరమే లేదు. మన కంటికి 'క్షో' ఒక అక్షరం. కంప్యూటర్‌కి అది నాలుగు ముక్కలు: క, పొల్లు, ష, ఓత్వం. బాణం కీతో కదిలితే కర్సర్ ఆ నాలుగింటినీ ఒకేసారి దాటుతుంది, మధ్యలో ఆగదు. కానీ కర్సర్ 'క్షో' తర్వాత ఉన్నప్పుడు బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొడితే చివరి ముక్క ఒక్కటే పోతుంది. ఓత్వం పోయి 'క్ష' మిగులుతుంది. అక్కడ ఏత్వం కొడితే 'క్షే'. అయిపోయింది. అదే కర్సర్‌ని 'క్షో' ముందు పెట్టి డిలీట్ కీ కొడితే నాలుగు ముక్కలూ కలిసి పోతాయి. నేను వర్డ్‌లోనూ బ్రౌజర్‌లోనూ చూశాను, రెండుచోట్లా ఇంతే.

కాబట్టి గుణింతం తప్పైతే అక్షరం వెనక నిలబడి బ్యాక్‌స్పేస్. అక్షరమే తప్పైతే ముందు నిలబడి డిలీట్. ఈ తేడా తెలిశాక ఒక పేజీ దిద్దడానికి పట్టే సమయం నాకే తెలిసేంత తగ్గింది.

అక్కడికి వెళ్ళడానికి మౌస్ అక్కర్లేదు. కంట్రోల్ పట్టుకుని బాణం కీ కొడితే మాట మాట దాటుతూ వెళ్తుంది. దానికి షిఫ్ట్ కూడా కలిపితే దాటిన మాటలన్నీ సెలెక్ట్ అవుతాయి. కంట్రోల్+బ్యాక్‌స్పేస్ వెనకమాట మొత్తం చెరిపేస్తుంది.

ఇంకొకటి. 'సాఫ్ట్‌వేర్' రాస్తే కొన్నిసార్లు 'సాఫ్ట్వేర్' అని ట కింద వ వత్తు వచ్చి కూర్చుంటుంది. పొల్లు తర్వాత హల్లు వస్తే రెండూ కలవడం తెలుగు లిపి స్వభావం. వాటిని విడదీయడానికి మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి. వర్డ్‌లో దాన్ని తెప్పించే దారి: పొల్లు కొట్టాక ఇంగ్లీషు కీబోర్డుకి మారి, రెండు, సున్నా, సున్నా, సి అనే నాలుగూ కొట్టి, ఆల్ట్+ఎక్స్ నొక్కండి. ఆ నాలుగూ మాయమై గుర్తు పడుతుంది. తర్వాత తెలుగులోకి మారి 'వేర్' రాస్తే విడిగా నిలబడుతుంది. భాషలు మార్చడానికి విండోస్+స్పేస్. ప్రతిసారీ ఇంత చెయ్యడం నాకూ విసుగే, అందుకే ఒకసారి తెప్పించిన ఆ గుర్తుని కాపీ చేసి విండోస్+విలో పిన్ చేసుకున్నాను. పెట్టెలో ఖాళీగా కనిపిస్తుంది, అయినా పనిచేస్తుంది.

13వ రోజు

నొప్పి కొంచెం నయం. గీతలు 190.

15వ రోజు

బ్రౌజర్. పొరపాటున మూసేసిన ట్యాబ్‌ని వెనక్కి తెచ్చేది కంట్రోల్+షిఫ్ట్+టి. ఎన్నిసార్లు కొడితే అన్ని ట్యాబ్‌లు, మూసిన వరసకి తిరగేసి వస్తాయి. ఇది ఇప్పటికే తెలిసినవాళ్ళు చాలామందే ఉంటారు. కంట్రోల్+ఎల్ అడ్రస్ బార్‌కి తీసుకెళ్తుంది. కంట్రోల్ పట్టుకుని 1 నుంచి 8 దాకా అంకె కొడితే ఆ స్థానంలో ఉన్న ట్యాబ్, 9 కొడితే ఎన్ని ఉన్నా చివరి ట్యాబ్. క్రోమ్‌లో కంట్రోల్+షిఫ్ట్+ఎ నొక్కితే తెరిచి ఉన్న ట్యాబ్‌ల్లో వెతుక్కోవచ్చు. నలభై ట్యాబ్‌లు తెరిచిపెట్టుకునే నాలాంటివాళ్ళకి అవసరం.

తప్పు అడ్రస్ ఒకసారి కొడితే ప్రతిసారీ అదే ముందుకొస్తుంటుంది కదా. ఆ పేరు మీదకి బాణం కీతో దిగి షిఫ్ట్+డిలీట్ కొడితే క్రోమ్ ఇక దాన్ని చూపించదు.

18వ రోజు

పొట్టి మాట కొడితే పూర్తి వాక్యం వచ్చే ఏర్పాటు. ఇది షార్ట్‌కట్ కన్నా పెద్ద పనే, ఒక పూట పట్టింది.

ఆటోహాట్‌కీ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. 2003 నుంచీ ఉన్నది. ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో ఇలా ఒక్క లైను రాయాలి:

::..1::మీరు పంపిన ఫైలు అందింది. చూసి రేపటిలోగా తిరిగి పంపిస్తాను.

రెండు కోలన్లు, పొట్టి గుర్తు, మళ్ళీ రెండు కోలన్లు, తర్వాత వాక్యం. ఫైలు పేరు చివర చుక్క పెట్టి ఏ, హెచ్, కె అని ఉండాలి. డబుల్ క్లిక్ చేశాక ఎక్కడైనా చుక్క చుక్క ఒకటి కొట్టి స్పేస్ నొక్కితే వాక్యం దిగుతుంది. గుర్తుగా అక్షరాలు కాకుండా చుక్కలు, అంకెలు ఎందుకంటే, నేను వాడే తెలుగు కీబోర్డులో కూడా అవి అక్కడే ఉంటాయి. భాష మార్చాల్సిన పని లేదు. పైగా మామూలు రాతలో రెండు చుక్కల పక్కన అంకె రాదు, కాబట్టి అడగనప్పుడు వాక్యం ఊడిపడదు.

మొదటిసారి తెలుగు బదులు అర్థం కాని గుర్తులు వచ్చాయి. గంటసేపు లైను తిప్పి తిప్పి రాశాను. లోపం లైనులో లేదు. నా దగ్గరున్నది ఆ ప్రోగ్రాం పాత వెర్షన్. ఫైలుని ఏ పద్ధతిలో సేవ్ చేశామో దానికి విడిగా తెలియాలి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ యాజ్ తెరిచి, కింద ఎన్‌కోడింగ్ దగ్గర 'యూటీఎఫ్-8 విత్ బామ్' ఎంచుకుంటే వెంటనే చక్కని తెలుగు వచ్చింది. రెండో వెర్షన్ వేసుకుంటే ఈ తిప్పలే లేదు, అది మామూలు యూటీఎఫ్-8నే చదువుతుంది. తెలుగులో వాడబోయేవాళ్ళు నేరుగా రెండో వెర్షనే వేసుకోండి.

కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా దానంతట అదే మొదలవ్వాలంటే, విండోస్+ఆర్ నొక్కి ఇంగ్లీషులో షెల్, కోలన్, స్టార్టప్ అని ఖాళీ లేకుండా కొట్టాలి. తెరుచుకున్న ఫోల్డర్లో ఈ ఫైలుని తెరిచే గుర్తు (దాన్నీ షార్ట్‌కట్ అనే అంటారు) పెడితే చాలు.

ఆఫీసు కంప్యూటర్లో కొత్త ప్రోగ్రాంలు వేసుకోనివ్వకపోతే వర్డ్‌లోని ఆటోకరెక్ట్ ఇదే పని చేస్తుంది. కాకపోతే బయట ఎక్కడా పనిచేయదు.

21వ రోజు

అక్క ఫోన్ చేసింది. తను లెక్కల పని చేస్తుంది, రోజంతా ఎక్సెల్ ముందే.

"ఏరా, నాలుగొందల మంది పేర్లున్నాయి. ఇంటిపేరూ పేరూ ఒకే గడిలో కలిపి పంపారు. విడదీసి పెట్టమంటున్నారు. రాత్రంతా కూర్చోవాలా ఇప్పుడు?"

"అక్కా, పక్క కాలమ్‌లో మొదటి మనిషి ఇంటిపేరు ఒక్కటీ టైప్ చెయ్యి. కింది గడిలోకి వచ్చి కంట్రోల్+ఇ కొట్టు."

కాసేపు అవతల నిశ్శబ్దం. "అమ్మో. అన్నీ వచ్చేశాయి."

"ఆగు, అప్పుడే సేవ్ చెయ్యకు. ఇంటిపేరులో రెండు మాటలున్నవాళ్ళని చూడు."

ఉన్నారు. వాళ్ళకి మొదటి మాటే తీసుకుంది. అలాంటి ఒక గడిలో తను సరైనది టైప్ చేస్తే మిగతావాటిలో కొన్ని మారాయి, కొన్ని మారలేదు. ఓ ఇరవై దాకా చేత్తో దిద్దుకుంది. అయినా నాలుగొందలకి ఇరవై.

దీన్ని ఫ్లాష్ ఫిల్ అంటారు, ఎక్సెల్ 2013లో వచ్చింది. సూత్రం రాయనక్కర్లేకుండా, మనం ఇచ్చిన ఉదాహరణ చూసి తనే పద్ధతి ఊహించుకుంటుంది. దీని వెనక పరిశోధన మైక్రోసాఫ్ట్‌లోని సుమిత్ గుల్వానీది. ఊహ కాబట్టి తప్పుతుంది కూడా. పైగా అసలు పేరు తర్వాత మారిస్తే ఇది తనంతట తను మారదు. జనం దీన్ని నమ్మి సరిచూడకుండా పంపేస్తే ప్రమాదం, అందుకే అక్కని ఆపాను.

తనకి ఇంకో మూడు చెప్పాను. కంట్రోల్+సెమీకోలన్ కొడితే గడిలో ఇవాళ్టి తారీఖు పడుతుంది. ఆల్ట్ పట్టుకుని ఈక్వల్ కొడితే పైన ఉన్న అంకెల మొత్తం వస్తుంది. కంట్రోల్+కిందికి బాణం కొడితే వేల వరసలున్నా అంకెలు ఆగినచోట ఆగుతుంది. మధ్యలో ఖాళీ గడి ఎక్కడుందో పట్టుకోవడానికి కూడా అదే దారి. "ఇవన్నీ రాసి పంపురా" అంది. పంపలేదు. ముందు కంట్రోల్+ఇ ఒక్కటే వారం వాడమన్నాను.

24వ రోజు

విండోస్+ఎడమ బాణం, విండోస్+కుడి బాణం: రెండు విండోలు తెరని సగం సగం పంచుకుంటాయి. దిద్దే పనికి ఇదే ప్రాణం. విండోస్ కీతో 1, 2, 3 కొడితే కింద టాస్క్‌బార్లో ఆ వరసలో ఉన్న ప్రోగ్రాం తెరుచుకుంటుంది. అందుకని వర్డ్‌ని మొదటి స్థానంలోకి జరిపాను.

వర్చువల్ డెస్క్‌టాప్‌లు, అంటే ఒకే కంప్యూటర్లో విడివిడి తెరల్లా వాడుకునేవి, కూడా ప్రయత్నించాను, విండోస్+కంట్రోల్+డి. నాకు నప్పలేదు. ఏ ఫైలు ఏ డెస్క్‌టాప్‌లో పెట్టానో వెతకడమే ఇంకో పని అయింది. వదిలేశాను.

27వ రోజు

ఇవాళ ఒక విషయం తేలింది. ఫొటోలు కత్తిరించే పని వచ్చింది, దాన్ని పంతానికి కీబోర్డుతో చెయ్యబోయి అరగంట వృథా చేశాను. చిత్రం మీద గురి పెట్టడానికి మౌస్‌ని మించింది లేదు.

మౌస్‌ని కనిపెట్టిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని అందరికీ చూపించినప్పుడు కుడిచేతి కింద మౌస్ ఉంది, ఎడమచేతి కింద ఐదు మీటల చిన్న పెట్టె ఇంకొకటి ఉంది. కుడిచెయ్యి గురి పెడుతుంటే ఎడమచెయ్యి ఆజ్ఞలిస్తుంది. ఆ రెండో పెట్టె జనంలోకి రాలేదు, మౌస్ ఒక్కటే వచ్చింది. నేను చేస్తున్న తప్పు ఇక్కడ దొరికింది. మౌస్ పట్టుకున్నప్పుడు నా ఎడమచెయ్యి ఒళ్ళో ఊరికే ఉంటోంది. మెనూలకి కూడా కుడిచెయ్యే తిరుగుతోంది.

ఇప్పుడు ఎడమచేతి వేళ్ళు కంట్రోల్ దగ్గరే ఉంచుతున్నాను. జెడ్, ఎక్స్, సి, వి నాలుగూ కింది వరసలో పక్కపక్కనే, ఎడమచేతికి అందేలా ఉన్నాయి. చూపేది కుడిచెయ్యి, చేసేది ఎడమచెయ్యి. నోట్‌బుక్ పద్ధతి కూడా మార్చాను. మౌస్ మీదకి వెళ్ళడానికి గీత పెట్టడం లేదు, మెనూ తెరిచినందుకు పెడుతున్నాను.

30వ రోజు

ఏదైనా ప్రోగ్రాం ఎర్రర్ చూపిస్తే ఆ పొడుగాటి వాక్యాన్ని చూసి చూసి టైప్ చేసేవాణ్ణి. విండోస్ చూపించే మామూలు మెసేజ్ పెట్టె ఎదురుగా ఉన్నప్పుడు కంట్రోల్+సి కొడితే చాలు, సెలెక్ట్ చెయ్యకపోయినా అందులోని మాటలన్నీ కాపీ అవుతాయి. సెర్చ్‌లో పేస్ట్ చేసుకోవడమే. అన్ని పెట్టెలకీ పనిచేయదు. పనిచేయని చోట విండోస్+షిఫ్ట్+ఎస్ కొట్టి ఆ ముక్క ఫొటో తీసి పంపుతున్నాను.

33వ రోజు

దెబ్బ తగిలింది. షిఫ్ట్+డిలీట్ కొడితే ఫైలు రీసైకిల్ బిన్‌కి వెళ్ళకుండా నేరుగా పోతుంది. తెలిసే వాడుతున్నాను, ఖాళీ ఫోల్డర్లు తీసెయ్యడానికి. 'నిజంగా తీసెయ్యాలా' అని అడుగుతుంది, చెయ్యి అలవాటుగా ఎంటర్ కొట్టేస్తుంది. ఇవాళ సెలెక్ట్ అయి ఉన్నది ఖాళీ ఫోల్డర్ కాదు, వారం రోజుల పని ఉన్న ఫోల్డర్. కంట్రోల్+జెడ్ ఇక్కడ పనిచేయదు.

రాత్రి పూట విడి హార్డ్ డిస్క్ మీదకి కాపీ తీసే అలవాటు ఉంది కాబట్టి ఇవాళ్టి మూడు గంటల పని తప్ప మిగతాది దక్కింది. ఆ మూడు గంటలూ మళ్ళీ కూర్చుని చేశాను. షిఫ్ట్+డిలీట్‌ని ఫైళ్ళ మీద వాడడం మానేశాను. ఇక ఉత్త డిలీట్, వారానికొకసారి బిన్ తెరిచి చూసి ఖాళీ చెయ్యడం. వెనక్కి తెచ్చుకోలేని పనికి రెండు కీల దారి ఉండకూడదని నా అభిప్రాయం.

36వ రోజు

కొత్త ఇబ్బంది: ఎడమచేతి చిటికెనవేలు. రోజంతా కంట్రోల్ అదే నొక్కుతోంది. నొప్పి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారితే నేను సాధించింది ఏముంది?

రెండు మార్పులు చేశాను. ఒకటి, షిఫ్ట్ కీ ఐదుసార్లు వరసగా కొడితే వచ్చే స్టిక్కీ కీస్. ఇన్నాళ్ళూ పొరపాటున వస్తే విసుక్కుని 'నో' అనేవాణ్ణి. రెండు కీలు ఒకేసారి పట్టుకోలేనివాళ్ళ కోసం పెట్టింది అది. ఆన్ చేస్తే కంట్రోల్ నొక్కి వదిలేసి, తర్వాత సి నొక్కితే చాలు. సాయంత్రాలు వేళ్ళు అలసినప్పుడు ఆన్ చేస్తున్నాను.

రెండోది క్యాప్స్ లాక్. తెలుగులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు. రోజంతా తెలుగు రాసే నాకు అంత మంచి చోట ఉన్న పెద్ద కీ దేనికీ పనికిరావడం లేదు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో కీబోర్డ్ మేనేజర్ ఉంది, అందులో క్యాప్స్ లాక్‌ని కంట్రోల్‌గా మార్చాను. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కీబోర్డులో కంట్రోల్ అక్కడే, ఏ అక్షరం పక్కనే ఉండేది. చిటికెనవేలు కిందికి వంగాల్సిన పనే లేదు. పవర్‌టాయ్స్ నడుస్తున్నంతసేపే ఈ మార్పు ఉంటుంది. రెండు రోజులు చెయ్యి తడబడింది, ఇప్పుడు పాత కంట్రోల్ మీదకి వేలు వెళ్ళడం లేదు.

40వ రోజు

పొద్దున్నుంచి సాయంత్రం దాకా మెనూ గీతలు 41. మణికట్టు పూర్తిగా తగ్గలేదు, రాత్రిపూట లాగడం మాత్రం పోయింది. చిటికెనవేలు బాగుంది.

చేతికి నిలబడినవి లెక్కపెట్టాను, పద్నాలుగు. వారానికి మూడు అన్న లెక్క దాటి, నలభై రోజుల్లో ఇరవై పైన ప్రయత్నించాను. పోయినవన్నీ 'ఎప్పుడైనా పనికొస్తుంది' అని మొదలుపెట్టినవి. నిలబడినవాటిలో ప్రతిదాని వెనకా నోట్‌బుక్‌లో ఒక వరస గీతలున్నాయి.

సాయంత్రం అక్క ఫోన్. "ఒరేయ్, కంట్రోల్+ఇ చెయ్యి తిరిగింది. రెండోది చెప్పు."

"నీకు ఎక్కడ విసుగొస్తోందో అది చెప్పక్కా ముందు."

"నెలాఖరుకి పన్నెండు షీట్లు. ఒక్కోటీ కింద ట్యాబ్ మీద క్లిక్ చేసుకుంటూ వెళ్ళాలి."

కంట్రోల్+పేజ్ డౌన్ అని చెప్పాను. నోట్‌బుక్‌లో తన పేరుతో కొత్త పేజీ తీసి, పైన ఆ ఒక్కటీ రాసిపెట్టాను.